మా అమ్మ నోట సినిమా పాట

మా అమ్మ నోరు తెరిచింది. సినిమా పాట వచ్చింది.

శేషారత్నం ఆంటీ వాళ్ళ కంప్యూటర్ ముందు, నేల మీద కూర్చొని ఉన్నాను నేను. రెండున్నరేళ్ళ నా కూతురు సింధు ఒళ్ళో ఉంది. ఆంటీ మా ఇంటి ఓనరు. మేము కింద కిరాయికి ఉంటాం, వాళ్ళు పైన. మా చిన్నమ్మ పెళ్ళి సీడీ తెచ్చుకున్నానని చెబితే, "రా అమ్మాయ్, పైన చూద్దువుగాని" అని ఆవిడే పిలిచారు.

"మళ్ళీ ఒకసారి పెట్టండి ఆంటీ."

పెట్టారు. పెళ్ళిలో బంతి భోజనాలు. ఆకుపచ్చ చీరలో మా అమ్మ, చేతిలో పప్పు బకెట్. రెండు వరుసల మధ్య నిలబడి, తల కొంచెం పక్కకు వంచి నోరు తెరుస్తుంది. అంతే, డప్పులూ గిటార్లూ కలిసి మోగుతాయి, ఎవడో మగవాడు ప్రేమ గురించి పాడతాడు. తింటున్నవాళ్ళు పగలబడి నవ్వుతుంటారు, ఆ నవ్వులకు చప్పుడుండదు. మూలల్లో ఎర్రగుండెలు గుండ్రంగా తిరుగుతుంటాయి. అది నాలుగు సెకన్లు. తర్వాత మా చిన్నమ్మా బాబాయీ మంచుకొండల మీద ఎగురుతుంటారు. పెళ్ళినాటికి మా చిన్నమ్మ హయత్‌నగర్ కూడా చూడలేదు.

"అదేంటమ్మా, మీ అమ్మ పాడుతోంటే వాడెవడిదో గొంతు పెట్టాడేంటి?" అన్నారు ఆంటీ.

వీడియో దుకాణంలో మూడు గంటల కాసెట్ ఇచ్చాను. దుకాణమతను యాభై నిమిషాల సీడీ ఇచ్చాడు. అందులో మా అమ్మ వాటా నాలుగు సెకన్లు, అదీ మూగగా.

మా అమ్మ అండాలమ్మ చనిపోయినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ముఖం గుర్తుంది. రేషన్ కార్డుకు దిగిన ఫోటో ఒకటి ఉంది, మరిచిపోతానేమో అని భయం వేసినప్పుడల్లా తీసి చూసుకుంటాను. గొంతే గుర్తు లేదు. ఎంత కళ్ళు మూసుకున్నా రాదు. తమ్ముళ్ళిద్దరికీ వండిపెట్టడానికి తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. అన్నం ఎసరు చూస్తూ, ఇట్లాంటప్పుడు అమ్మ నన్నేమని పిలిచేదో అనుకునేదాన్ని. మాటలు గుర్తొచ్చేవి కాని గొంతు మాత్రం నాదే వినిపించేది.

పోయిన నెల చిన్నమ్మ మాటల్లో అంది. "నా పెండ్లి కాసెట్ల అక్క పాడింది ఉన్నదే. బంతుల కాడ వియ్యపు పాట పాడితే మగపెండ్లోళ్లు ముద్ద చేతిల పట్టుకొని నవ్విన్రు. మీ బాబాయి సినిమా పాటలు కలిపే మిక్సింగ్‌కు ఇయ్యలే, గట్లనే ఉన్నది." ఆడపెళ్ళివాళ్ళు మగపెళ్ళివాళ్ళను కూర్చోబెట్టి, పప్పు పోస్తూ పేరుపేరునా ఎక్కిరిస్తూ పాడతారు మా దిక్కున. మా అమ్మ పాడటం మొదలుపెడితే ఊళ్ళో ఆడవాళ్ళు పొయ్యి మీద ఉన్నది దించి వచ్చేవాళ్ళట.

చిన్నమ్మ బియ్యం డబ్బా వెనక నుంచి ఆ కాసెట్ తీసి ఇచ్చింది. లోపలి టేపుకు సున్నం కొట్టినట్టు తెల్లగా బూజు. ఇంట్లో ఎవరికీ వీసీఆర్ లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్టాపు వెనక గల్లీలో రామస్వామి అనే ఆయన పాత కాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడని విని, సింధును చంకనేసుకొని వెళ్ళాను. దుకాణం అద్దం మీద జై తెలంగాణ స్టిక్కరు. మాట చూస్తే మా నల్గొండ మాటే. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మొత్తం ఎక్కియ్యాలె అన్నా, ఏదీ ఇడిసిపెట్టకుండ" అని చెప్పాను. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాట అది.

"గట్లనేనమ్మా. కాసెట్ కూడ ఈడనే ఉండనియ్యి. బూజు పట్టినదాన్ని ఇంట్లె పెట్టుకొని ఏం జేస్తవు? పసిపోరి ఉన్నది, అలర్జీలొస్తయి."

ఆ మాటకు నేను హడలిపోయాను. సింధుకు ఊరికే జలుబు చేస్తుంది. వెనక్కి ఇవ్వమని అడగలేదు. ఎందుకు కావాలో కూడా చెప్పలేదు. అమ్మ గొంతు వినాలని అంటే నవ్వుతాడేమో అనుకున్నాను. తప్పేమన్నా ఉంటే నాది అదొక్కటే.

ఇప్పుడు ఆంటీ ఇంట్లో నుంచే అతనికి ఫోన్ చేశాను. అవతల మైకు మోత.

"అన్నా, పెండ్లి సీడీ చూసిన. బంతులు లెవ్వు."

"బంతులెందుకమ్మా? గంటసేపు తినుడే గదా. వేస్టంత తీసేసిన. ఎట్లున్నది, మస్తుగ ఒచ్చిందా లేదా?"

"అందుల మా అమ్మ ఉండె."

"ఉన్నది గదా, సూడు, పప్పు పోస్తది."

"పాట లేదన్నా."

"అరే, పాట పెట్టిన గదమ్మా. కొత్త పాట."

ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను. "కంప్యూటర్‌లకు మొదలు ఎక్కిచ్చింది మొత్తం ఉంటది గదా?"

"గది ఎప్పుడో కొట్టేసిన. జాగ ఏడున్నది? నెల సంది ఉద్యమం వీడియోలే ఇన్ని తీస్తున్న."

"మరి కాసెట్?"

"డబ్బల పడ్డది. పాతసామాన్లోడు ఒస్తే అన్ని ఏసేద్దామని పెట్టిన. గీ బంద్‌లతోని వాని బండి ఒస్తలేదు. రేపు పొద్దుగాల ఒస్తనన్నడు. సరేనమ్మా, ఈడ ఎల్బీనగర్ చౌరస్తాల వంటావార్పు నడుస్తున్నది, నేను షూటింగ్‌ల ఉన్న."

పెట్టేశాడు.

ఆ రోజు బంద్. తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై నాలుగో వారం. బస్సుల్లేవు, బళ్ళు లేవు, బొగ్గు లేదని కరెంటు రోజుకు నాలుగు గంటలు పోతోంది. మా ఆయన జగన్ హయత్‌నగర్ డిపోలో డ్రైవరు, సమ్మెలో ఉన్నాడు, పొద్దున్నే చౌరస్తాలో టెంటు దగ్గరికి వెళ్ళాడు. పిల్లను తీసుకొని ఆ గుంపులోకి వెళ్ళాలంటే భయం వేసింది. లాఠీచార్జి అంటారు, పొగ వదులుతారంటారు. రేపటి దాకా ఆగుదామా అనుకున్నాను. రేపు పొద్దున్న బండి వస్తుంది.

"వెళ్ళి అడుగమ్మా" అన్నారు ఆంటీ.

ఆవిడది గుడివాడ దగ్గర. ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్ళు. ఈ సమ్మె మొదలయ్యాక కూరగాయల బండి దగ్గర నోరు విప్పడం మానేశారు. మాట వింటే ఎక్కడివాళ్ళో తెలిసిపోతుందని, వంకాయలు కూడా వేలితో చూపించి కొనుక్కొస్తున్నారు.

"నేనంటే నోరు మూసుకొని తిరుగుతున్నాను, నాకు తప్పదు. నీకేం ఖర్మ? నీ ఊరు, నీ మాట. వెళ్ళి గట్టిగా అడుగు" అని, సింధుకు కాచి చల్లార్చిన నీళ్ళ సీసా ఆవిడే నింపి ఇచ్చారు. నేను ఒక చేతిరుమాలు తడిపి కవర్లో పెట్టుకున్నాను, పొగ వదిలితే పిల్ల ముక్కుకు అడ్డం పెట్టడానికి.

చౌరస్తా గుర్తుపట్టేటట్టు లేదు. విజయవాడ రోడ్డు మీద ఎప్పుడూ లారీలుండే చోట రాళ్ళ పొయ్యిలు. గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. ఆడవాళ్ళు తారు మీద చాపలు పరుచుకొని ఉల్లిగడ్డలు కోస్తున్నారు. పక్కన చెక్కలతో కట్టిన స్టేజీ మీద ఒకతను గజ్జెలు కట్టుకొని పాడుతున్నాడు. కింద మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా పెట్టి, ఒక కన్ను మూసి రామస్వామి ఆ పాట తీస్తున్నాడు.

నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. పాట అయిపోయింది. మైకులో మాట్లాడే అతను అందుకున్నాడు. "మన మాటను ఎక్కిరించిన్రు. మన పాటను మోటు పాటన్నరు. మన తల్లుల నోట్లె ఉన్న పాటను మనమే కాపాడుకోవాలె." అందరూ చప్పట్లు కొట్టారు. రామస్వామి కూడా, కెమెరా వదిలి, కొట్టాడు.

ఆ చప్పట్లు చూశాక నా భయం ఎటు పోయిందో పోయింది.

"అన్నా, నా కాసెట్ నాకు కావాలె. ఇప్పుడే."

"అరే, నువ్వా అమ్మా. ఇప్పుడెట్ల? సూస్తున్నవు గదా."

"చూస్తున్న. నువ్వు తీస్తున్న పాట చూస్తున్న. గాయన పాడితే పాట, మా అమ్మ పాడితే వేస్టా?"

"గట్ల గాదమ్మా. బంతుల కాడ ఆడోళ్ల లొల్లి ఉంటది. పళ్ళాల సప్పుడు, పోరల ఏడ్పులు. పెండ్లి వీడియో అంటే ఒక లెక్కుంటది. తిన్నది ఉంచితే చూసేటోళ్లు నవ్వుతరు. ఇరవై ఏండ్ల సంది చేస్తున్న, ఒక్కలన్న అడగలే."

"నేను అడిగిన. ఏదీ ఇడిసిపెట్టొద్దని నీ దుకాణంల నిలబడి చెప్పిన. తలకాయ ఊపినవు."

"అందరు చెప్తరమ్మా గట్ల."

అందరూ చెబుతారట. చెప్పిన ప్రతివాళ్ళకూ తల ఊపి, ఇంటికి పంపించి, తనకు తోచింది కోసి పారేస్తాడట.

ఇంతలో టెంటులో నుంచి జగన్ వచ్చాడు. విషయం విని నన్ను పక్కకు లాగాడు. "ఇంత పెద్ద సమ్మె నడుస్తుంటే నీకు కాసెట్ దొరికిందా రమ్యా? పోనియ్యి. పోరికి ఎండ తగుల్తున్నది, ఇంటికి పో."

"మీ సమ్మె దేనికి?" అన్నాను. "మనది మనకు కావాలెననే గదా. నాది నాకు కావాలె. ఇంత మాట ఇంట్లె నీతోని ఎప్పుడన్న అన్ననా? ఈ ఒక్కటి ఇప్పియ్యి."

జగన్ నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

ఉల్లిగడ్డలు కోస్తున్న ఒక ముసలమ్మ కత్తిపీట పక్కన పెట్టింది. ఆమె పేరు కౌసల్యమ్మ అని తర్వాత తెలిసింది. "ఏందే బిడ్డా, ఏం కోసిండంట?"

"మా అమ్మ పాడిన వియ్యపు పాట, అమ్మమ్మా. పెండ్లి కాసెట్ల ఉంటే కోసేసిండు. దాని మీద సినిమా పాట పెట్టిండు. మా అమ్మ లేదు ఇప్పుడు."

"వియ్యపు పాట కోసిండా?" ఆమె రామస్వామిని కింది నుంచి మీది దాకా చూసింది. "ఏమయ్యా, నీ పేరేంది, మీ ఊరేది?"

"రామస్వామి. రామన్నపేట దిక్కు, అవ్వా" అన్నాడు అతను మెల్లగా.

"రామన్నపేటోడవై వియ్యపు పాటను లొల్లన్నవా? నీ పెండ్లిల నీకు పాడలేదా ఎవ్వలు? తినే విస్తారి ముందల ఏసుకొని, ఎవ్వలు తిట్టకుండనే ఉత్తగ తిని లేసొచ్చినవా?" పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. ఆమె చెయ్యి చీరకు తుడుచుకొని, గొంతు సవరించుకొని, అక్కడికక్కడ కట్టింది.

"కెమెరాల రామస్వామి కన్నొక్కటె తెరిసెనమ్మ
చెవులు రెండు ఇంటికాడ కొయ్యకు తగిలిచ్చెనమ్మ"

చాపల మీద ఉన్న ఆడవాళ్ళంతా రెండో పాదం అందుకున్నారు. స్టేజీ మీది మైకతను కూడా ఆగి చూశాడు. రామస్వామి ముఖం ఎర్రబడింది. అతనికి కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో నాకు తెలియదు. వియ్యపు పాటకు కోపం తెచ్చుకోకూడదు, అది రివాజు. తిరిగి పాడాలి, లేదంటే ఓడిపోయాననాలి.

"ఓడిపోయిన అవ్వా" అన్నాడు. "కాని బంద్ నాడు షట్టర్ ఎట్ల లేపాలె? పొద్దుగాల నేనే పది దుకాణాలు మూపిచ్చిన. ఇప్పుడు నేనే తెరిస్తే నా అద్దాలు పలగ్గొడ్తరు."

"నేను నిలబడ్త బయట" అన్నాడు జగన్. చొక్కాకు పెట్టుకున్న సమ్మె బ్యాడ్జీని ఒకసారి సర్దుకున్నాడు. "సమ్మెల ఉన్న డ్రైవర్ను. నన్ను దాటి ఎవడొస్తడో సూద్దాం."

రామస్వామి స్కూటర్ మీద వెళ్ళాడు. మేము నడిచాం. కొత్తపేట దాటి, చైతన్యపురి దాటి, ఒక్క షట్టర్ తెరిచి లేని రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు. జగన్ సింధును భుజాల మీద ఎక్కించుకున్నాడు. దారిలో నా చేతిలో కవరు కూడా తనే తీసుకున్నాడు.

దుకాణం షట్టర్ మోకాలి ఎత్తు లేపి రామస్వామీ, సింధుతో నేనూ వంగి దూరాం, జగన్ బయట మెట్టు మీద కూర్చున్నాడు. మూలకు పెద్ద అట్టడబ్బా. నిండా కాసెట్లు. నేను కింద కూర్చొని ఒక్కొక్కటే తీశాను. పెళ్ళి, అన్నప్రాసన, చీరలు కట్టే ఫంక్షన్, మళ్ళీ పెళ్ళి. ఎవరెవరివో రాతలు. సైదాబాద్ అని ఒకదాని మీద, అబ్దుల్లాపూర్‌మెట్ అని ఇంకోదాని మీద. ఎంతమంది తల్లులు, ఎంతమంది అత్తమ్మలు పప్పు బకెట్లు పట్టుకొని ఉన్నారో ఇందులో. అన్నీ రేపు పొద్దున్న పాతసామాన్ల బండిలోకి.

"వీళ్లందరు చెప్పిన్రా నీకు, పారేయమని?"

"తీస్కపోరమ్మా ఎవ్వలు."

"తీస్కపోతరని ఫోన్ చేసినవా?"

అతను వీసీఆర్ మూత విప్పుకొని కూర్చున్నాడు.

మా బాబాయి చేతిరాత డబ్బా అడుగున దొరికింది. రామస్వామి టేపును కొద్దికొద్దిగా లాగి, మెత్తటి గుడ్డను స్పిరిట్‌లో ముంచి బూజు తుడిచాడు. ఇప్పుడు చేతులు మెల్లగా, మర్యాదగా ఆడాయి. చేతకాని మనిషి కాదు. చేతనైన పనే చెయ్యకుండా కోసి పారేశాడని నాకు ఇంకా మండింది.

"నాలుగింటికి కరెంటు పోతది. మూడుంబావు అయింది. మొత్తం ఇయ్యాల ఎక్కది. బంతులొక్కటి ఎక్కిస్త. మిగతాది రేపు."

"రేపు కాసెట్ నా చేతిల ఉంటది. నేను తెస్తె ఎక్కియ్యి. బంతులు కానియ్యి ముందు."

టేపు పెట్టాడు. తెర మీద మంచు కురిసినట్టు చుక్కలు, గీతలు. ముందుకు తిప్పాడు. తాళిబొట్టు, తలంబ్రాలు, అన్నీ ఉరికాయి. విస్తర్లు కనబడ్డాయి. ఆపి, వదిలాడు.

మొదట నిజంగానే లొల్లి. పళ్ళేలు, ఎవరో నీళ్ళో అని అరుపు, ఒక పిల్ల ఏడుపు. ఆ లొల్లిలో నుంచి ఒక గొంతు పైకి లేచింది.

"పెండ్లికొడుకు మేనమామ మీసమెంత పొడుగమ్మ
పోసిన పప్పంత మీసాలె తాగెనమ్మ"

నేను అనుకున్నంత లావు గొంతు కాదు. సన్నగా ఉంది, చివర్లో కొంచెం జీర. మీసాలాయన ఎవరో మూతి తుడుచుకుంటుంటే నవ్వులు, ఈసారి చప్పుడుతో. నాకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. ఇంత గొంతును, పదిహేనేళ్ళుగా నేను కళ్ళు మూసుకొని వెతుకుతున్న గొంతును, ఒక మనిషి కుర్చీలో కూర్చొని విని, వేస్టు అనుకొని తీసేశాడు.

"నోట్లెకు బొట్టన్న పోలేదమ్మ..." అని సాగదీస్తూ, అమ్మ ఒక్కసారి ఆగిపోయింది. తల తిప్పింది. పాట గొంతు పోయి వేరే గొంతు వచ్చింది, భయం గొంతు.

"రమ్యా, గా గుండిగ కాడికి పోకు బిడ్డా. కాల్తది. ఇటు రా. ఇటు రమ్మన్ననా?"

తెర అంచున ఎర్రగౌను ఒకటి కదిలి మాయమైంది. అది నేను. అమ్మ అటే చూస్తూ, పిల్ల దగ్గరికి వచ్చిందని నమ్మకం కుదిరాక, మళ్ళీ పాట అందుకుంది, వదిలిన చోటు నుంచే. ఇంకో రెండు చరణాలు. తర్వాత బూజు తిన్న భాగం వచ్చింది, గీతలు, గర్రుమని చప్పుడు, ఇంక ఏమీ లేదు.

నా ఒళ్ళో సింధు తెర వైపే చూస్తోంది. పొద్దున్న స్టవ్ దగ్గరికి వెళ్ళబోతుంటే నేను దాన్ని ఇదే గొంతుతో, ఇదే మాటతో పిలిచాను. ఇది నాదనుకున్నాను ఇన్నాళ్ళూ.

షట్టర్ కింద నుంచి జగన్ తల వంచి అడిగాడు, "దొరికిందా?" నేను తల ఊపాను.

రామస్వామి మెత్తబడ్డాడు. ఏదో ఒకటి చేసి నా మనసు కుదుటపరచాలనుకున్నాడో ఏమో, ముక్కు తుడుచుకొని అన్నాడు.

"మంచిగ పాడిందమ్మా మీ అమ్మ. నా తప్పే. సినిమా పాట తీసేసి దీన్నే పెడ్త. ఒక్కటే... నడుమల పాట ఆగి పోరిని పిలిచేది ఉన్నది సూడు, గా ముక్క తీసేసి రెండు దిక్కుల అతికిస్తే పాట సాఫ్‌గ ఒస్తది. తెల్వది ఎవ్వలకు."

నేను లేచి అతని చేతి కింద నుంచి మౌస్ తీసి నా దగ్గర పెట్టుకున్నాను.

"ముట్టుకోకు" అన్నాను.